శిష్యుల కన్నులయెదుట ధూమపానము

(మేడిపల్లిలో జరిగిన మన పద్మశాలి సంఘ వార్షిక మహాసభయందలి విద్యాగోష్ఠిలో చేసిన యుపన్యాసము)



విద్యాగోష్ఠియందు నాలుగుమాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, మార్కండేయోపాఖ్యానమో భావనాఋషి చరిత్రమో చెప్పుదునని వారు తలంచియుందురు. సంస్కృతము కొంత చదివి, ముప్పదిమూడు సంవత్సరములు బడులలో తెలుగు చెప్పి, పదవీవిరమణము చేసిన వృద్ధునినుండి మఱేమి యాశింతురు? నేనును అట్టి యుపన్యాసమునే వ్రాసికొంటిని. కాని నిన్నటి సాయంకాలము సభాస్థలమును చూచిపోవుదమని వచ్చి, వరంగల్లు రహదారిపై బస్సు దిగినప్పుడు కంటబడిన యొక చిన్న సంగతి నా కాగితములను ప్రక్కన పెట్టించినది.

రహదారి ప్రక్కనున్న చాయ దుకాణమువద్ద ఇద్దఱు పెద్దమనుష్యులు సిగరెట్టులు కాల్చుచుండిరి. భుజమునకు సంచి, చేతిలో పరీక్షపత్రముల కట్ట. వారుపాధ్యాయులని చెప్పుటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు. ఇంతలో బడిదుస్తులతో నలుగురు బాలురు అటుగా వచ్చి "నమస్తే సార్" అనిరి. పెద్దమనుష్యులిద్దఱును తటాలున గోడవైపునకు తిరిగిరి. ముఖములు తిరిగినవి గాని పొగ తిరుగలేదు. వారి తలలపైనుండి మెల్లగా లేచి బాలురున్న దిక్కునకే పోయెను. బాలురు ఒకరి నొకరు చూచికొని నవ్వుకొనుచు వెడలిపోయిరి.

ఆ నవ్వు నాకు క్రొత్తది కాదు. ఒకప్పుడు అట్లు గోడవైపునకు తిరిగినవాడను నేనే. కావున పరులను దూషించుటకు గాక, నేను చేసిన తప్పును ముందుంచుకొని, ఉపాధ్యాయుడు తన శిష్యులు చూచుచుండగా పొగత్రాగవచ్చునా యను ప్రశ్నను మీతో గూడి విచారింపగోరుచున్నాను. ఈ సభలో ఉపాధ్యాయులు పలువురున్నారు. వారి బిడ్డలును, పురస్కారములకై వచ్చిన విద్యార్థులును ముందు వరుసలలో కూర్చుండియున్నారు. ఇంతకంటె తగిన తావు లేదు.

శాసనము మాట ముందుగా ముగింతము. 2001 సంవత్సరము నవంబరు 2వ తేదీన సుప్రీంకోర్టువారు విద్యాలయములు మొదలగు బహిరంగస్థలములలో పొగత్రాగుటను నిషేధించుచు ఉత్తరువిచ్చిరి. 2003లో పార్లమెంటు సిగరెట్టులు, ఇతర పొగాకు వస్తువుల శాసనమును చేసెను. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు 100 గజములలోపల అసలే అమ్మరాదనియు దాని విధి. 2008 అక్టోబరు 2వ తేదీ, గాంధీజయంతినాటినుండి, బహిరంగస్థలములలో పొగత్రాగినవారికి 200 రూపాయలవఱకు జరిమానా విధించు నియమములు అమలులోనికి వచ్చెను. కావున బడి ఆవరణలో త్రాగవచ్చునా యను ప్రశ్నకు నేడు చోటు లేదు. త్రాగరాదు. అంతే.

అయితే బాలుని కన్ను 100 గజముల యొద్ద ఆగునా? గ్రామములో ఉపాధ్యాయుడు నడచు త్రోవయే శిష్యుడును నడచును. బస్సుకై నిలుచు తావును, క్షురకుని దుకాణమును, సంతయును ఒక్కటియే. బడిగంట మ్రోగినంతనే మనము ఉపాధ్యాయులము కాకపోవుదుమని మనమనుకొందుము; శిష్యుడనుకొనడు. నా ప్రశ్న బడి గోడకు వెలుపలిది. దానికి శాసనమునందు ఉత్తరము లేదు.

ఇచ్చట మనవారికి ప్రత్యేకమైన సంకటమొకటి కలదు. దానిని దాటవేసి పోవుట న్యాయము కాదు. మగ్గము చాలని దినములలో మన కులస్త్రీలను బ్రతికించినది బీడీ. సిరిసిల్లలో, కామారెడ్డి నిజామాబాదు ప్రాంతములలో, కోరుట్ల మెట్‌పల్లి వైపున మన యిండ్ల అరుగులు చూచినవారికి నేను చెప్పవలసినది లేదు. వలసపోయిన షోలాపురములోను మగవారు మగ్గములకును ఆడువారు బీడీలకును కుదురుకొనిరి. నా తల్లియు కామారెడ్డి ప్రాంతములో బీడీలు చుట్టినదే. రాత్రి నీటిలో తడిపిన తునికాకును తెల్లవాఱుజామున కత్తెరతో కొలతకు కత్తిరించి, ఒడిలో చాట పెట్టుకొని, పొగాకుపొడి నింపి చుట్టి, దారము కట్టి, కొన మడిచి, దీపము పెట్టువేళకు వేయి బీడీలు లెక్కబెట్టెడిది. కూలి వేయింటికింత యని. ఆ కూలితో నా బడి రుసుము, నా శబ్దమంజరి, నా అమరకోశము వచ్చినవి. నేను రామశబ్దము వల్లించుచుండగా ఆ పొగాకు ఘాటునకు తుమ్ములు వచ్చుచుండెడివి. పొగ త్రాగకయే పొగాకు ధూళిని పీల్చి దగ్గుతో దినములు గడపిన తల్లులు ఆ వాడలలో ఎందఱో.

"పొగాకును నిందించుచున్నావు, మన యక్కచెల్లెండ్ర కూటినోట మన్ను కొట్టెదవా?" యని అడుగువారుందురు. వారి కోపము నాకు తెలియును. అది న్యాయమైన కోపము. బీడీ కార్మికులకై 1966లో పనివేళలు మొదలగువాని శాసనము, 1976లో సంక్షేమనిధి శాసనము వచ్చినవి. 2014లో రాష్ట్రమేర్పడిన పిమ్మట తెలంగాణ ప్రభుత్వము జీవనభృతి నేర్పరచెను. ఆ తల్లులకు వేఱు జీవనోపాధి చూపకయే ఆ పని యూడబెఱుకవలెనని నేననను. కాని నా తల్లి చెప్పిన మాట యొకటి చెప్పెదను. నేను పండిత శిక్షణలో నున్న దినములలో సెలవులకు ఇంటికి పోగా, చొక్కా ఉతుకుచు ఆమె జేబులో రెండు బీడీలు చూచెను. కోపపడలేదు. చాటలోని బీడీలను, చేతిలోని ఆ రెంటిని మార్చిమార్చి చూచి, "బిడ్డా, గివి అమ్మెటియి, తాగెటియి గావు" అని వానిని విప్పి, ఆకు ఒకవైపున పొగాకు ఒకవైపున వేసెను. బీడీలు చుట్టిన చేతికే దాని సంగతి తెలియును. నాకు నాడు తెలియలేదు. బీడీకి బదులు సిగరెట్టు పట్టితిని. నాగరికత వచ్చెననుకొంటిని.

మన నగరమునకును సిగరెట్టునకును గల బంధుత్వమును మీరెఱుగుదురు. 1930లో హైదరాబాదున వజీర్ సుల్తాన్ పొగాకు సంస్థ నెలకొల్పబడెను. వారి చార్మినార్ సిగరెట్టు మన నగరపు పేరును దేశమంతట త్రిప్పెను. 1591లో కట్టిన గోపురములు తమ పేరు ఇట్లు ఊరూర కాలి బూడిదయగునని యెఱుగవు పాపము. నా చేతికి వచ్చినదియు ఆ సిగరెట్టే.

1984లో ఘటకేసరు ప్రాంతములోని యొక బడియందు తెలుగు పండితుడుగా చేరితిని. అప్పటికి ఈ మేడిపల్లి యిప్పటివలె మేడల వరుస కాదు. పొలములు, తాటిచెట్లు, నడుమ రహదారి. మధ్యాహ్నపు విరామమున వేపచెట్టు క్రింద కుర్చీ వేసికొని నేను సిగరెట్టు కాల్చెడివాడను. అంతటితో నాగినను కొంత మేలు. దుకాణము దూరము, నాకు బద్ధకము. ఏడవ తరగతి బాలునొకని పిలిచి పైసలిచ్చి తెమ్మనెడివాడను. వాడు చుఱుకైనవాడు, పరుగున పోయి పరుగున వచ్చెడివాడు. సిగరెట్టు చెవిపై పెట్టుకొని వచ్చునప్పుడు తోడి యుపాధ్యాయులు నవ్వెడివారు, నేనును నవ్వెడివాడను. నమ్మకమైన శిష్యుడని వానిని మెచ్చుకొంటిని. ఆ కాలమున ఇది వింతగా నుండెడిది కాదని చెప్పి తప్పించుకొనవచ్చును. వింతగా నుండకుండుటయే గదా దోషము.

2001లో ఉప్పల్ చౌరస్తాలో బస్సుకై నిలిచియుండగా ఒక లారీ ఆగెను. దిగివచ్చినవాడు నా కాళ్లకు మ్రొక్కెను. ఆ బాలుడే. ముప్పదేండ్లు దాటకయే వాని పండ్లు నల్లబడినవి. కుశలప్రశ్నలైన పిమ్మట జేబునుండి పెట్టె తీసి, "సారూ, చార్మినారే, మీదే గదా" అని ప్రేమతో నాకొకటి అందించెను. ఎప్పుడు మొదలుపెట్టితివని యడిగితిని. "మీరు పారేసిన ముక్కలే సారూ మొదలు తాగింది, వేపచెట్టు కింద" అనెను. ఆ మాటలో నింద లేదు. గురువునుండి పొందిన యొక విద్యను గుర్తుచేయువానివలె సంతోషముతో చెప్పెను. నేను వానికి నేర్పిన పద్యములు ఎన్ని జ్ఞాపకమున్నవో అడుగుటకు నాకు ధైర్యము చాలలేదు.

గాంధీమహాత్ముడు తన యాత్మకథలో బాల్యమున పినతండ్రి త్రాగి పారవైచిన సిగరెట్టు ముక్కలను ఏఱుకొని త్రాగిన సంగతిని, తరువాత సేవకుని పైసలు దొంగిలించిన సంగతిని దాచక వ్రాసియున్నాడు. పెద్దవాడు విసరిన ముక్కయే పిల్లవానికి ప్రథమపాఠమని ఆ పుస్తకమును చదివి, చదివించి, నేను గ్రహింపలేకపోతిని.

మన సాహిత్యములో ఈ విషయమునకు గురజాడ అప్పారావుగారే ప్రమాణము. కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1909లో పెంచి వ్రాయబడెను. అందు గిరీశమునొద్ద వెంకటేశము నేర్చినదేమి? చుట్ట కాల్చుట. పరీక్షపోయిన కోపముతో ఆ బాలుడే ఆ మాట గురువు ముఖముననే చెప్పును. గిరీశము సిగ్గుపడడు. భూలోకమున సారమైనదేదని యింద్రుడు ప్రశ్నింపగా బ్రహ్మ నాలుగు ముఖములతోను పొగాకు పేరే పలికెనని సంస్కృతశ్లోకమొకటి చదివి శిష్యుని నోరు మూయించును. సంస్కృతము చదివినవాడనుగాన దానినిగూర్చి యొకమాట. ఈ శ్లోకము ఏ పురాణమునందును ఉండదు, ఉండజాలదు. పొగాకు పోర్చుగీసువారి యోడలపై మన దేశమునకు వచ్చినది. అసద్ బేగు అను రాజోద్యోగి 1604 ప్రాంతమున బిజాపూరునుండి దానిని కొనిపోయి అక్బరు పాదుషాకు చూపెను. 1617లో జహంగీరు దానిని నిషేధించెను. నాలుగువందల యేండ్లనాటి పైరును బ్రహ్మదేవుడెట్లు ప్రశంసించును? ఎవరో చమత్కారి కట్టిన చాటువది. చమత్కారమునకు నవ్వవలసినదే, కాని తన దుర్వ్యసనమునకు శాస్త్రము నాధారము చేసికొనువాడు శిష్యుని రెండువిధముల చెఱచును. గిరీశమును చూచి మనము నూఱేండ్లుగా నవ్వుచున్నాము. ఆ నవ్వులో నా పాలు ఎంత యని ఉప్పల్ చౌరస్తాలో ఆనాడు తోచినది.

"చరకుడు ధూమపానము చెప్పలేదా?" యని నాతో వాదించిన మిత్రులును కలరు. చెప్పెను. కాని అది చందనాది ద్రవ్యములను నూరి వత్తిచేసి, వైద్యుడు చెప్పిన వేళ, చెప్పిన మోతాదున పీల్చు మందు, పొగాకు గాదు. వేళగాని వేళ మితిమీఱి పీల్చినచో కలుగు కీడులను గూడ ఆయనయే చెప్పియున్నాడు. వాగ్భటుడు అష్టాంగహృదయములో ఆ మందుపొగనైనను పదునెనిమిదేండ్ల లోపువారికి ఈయరాదని కట్టడిచేసెను. 2003 నాటి శాసనమును అదే పదునెనిమిదిని పేర్కొనుట చూడుడు! వాగ్భటుని పార్లమెంటువారు చదివి యుండరు. బాలుని దేహము ఎల్లకాలములందును ఒక్కటియే యని నాకు తోచుచున్నది.

నశ్యపు మాట యొకటి మఱచితిని. మా సంస్కృతపు టొజ్జగారు పొగత్రాగరు, పొడుము పీల్చెడివారు. అమరకోశము చెప్పుచు వర్గము మధ్యలో చిటికెడు తీసి, కన్నులు మూసి, తుమ్ము వచ్చువఱకు ఆగెడివారు. మేమును అమరకోశముతోపాటు ఆ విరామమును గూడ కంఠస్థము చేసితిమి. నా సహాధ్యాయి యొకడు ఈనాటికిని వనౌషధివర్గము చెప్పునప్పుడు అచ్చటనే ఆగును. వానికి పొడుము అలవాటు లేదు! శిష్యుడు గ్రంథమునుండి మాత్రమే చదువడు. ఆచార్యశబ్దమునకు యాస్కుడు చెప్పిన వ్యుత్పత్తులలో మొదటిది, ఆచారమును గ్రహింపజేయువాడని. బోధింపుమనలేదు, గ్రహింపజేయుమనెను. శ్రేష్ఠుని నడవడిని లోకమనుసరించునను గీతాశ్లోకము మీకందఱకు కంఠస్థమే గనుక వల్లింపను.

శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలలో కొందఱు స్త్రీలు చుట్ట నిప్పువైపును నోటిలో పెట్టుకొని త్రాగు అడ్డపొగ అలవాటు కలదు. అంగిట పుండ్లు పడి, పుట్టకురుపులగునని వైద్యులు చాలకాలమునుండి చెప్పుచున్నారు. దానిని ఏ బడిలో నేర్పిరి? తల్లి త్రాగుచుండగా కూతురు చూచెను. అంతియే.

ఇప్పుడు ప్రతిపక్షములు. "నా దేహము నా యిష్టము" అనువారి వాదము నన్ను చాల సేపు నిలుపదు. తలుపు మూసికొన్న యింటిలో ఆ వాదము భార్యతో చేయవలసినది, ఎందుకనగా ఆమెయు ఆ పొగనే పీల్చును. కాని నాతో పనిచేసిన యొక యువ యుపాధ్యాయుడు వేఱొక వాదము చేసెడివాడు. అతడు సత్యసంధుడు. "త్రాగుట తప్పైన మానవలెను, మానలేనివాడు దాచుట కపటము. శిష్యుడు నన్ను ఉన్నవానినున్నట్లు చూడనిండు. నా దగ్గును, నా యాయాసమును చూచియైనను వాడు బుద్ధి తెచ్చికొనును" అని అతని మాట. గోడవైపునకు తిరుగు నావంటివానికంటె అతడు ఉత్తముడని అప్పుడును అనుకొంటిని. సమాధానము చెప్పుటకు నాకు కొన్ని సంవత్సరములు పట్టినది.

సమాధానమిది. పొగ నేడు కనబడును. వ్యాధి ముప్పదియేండ్లకు కనబడును. ఉపాధ్యాయుడు వ్రేళ్లనడుమ సిగరెట్టు పట్టుకొన్న తీరు, కన్నులరమూసిన హాయి, చుట్టును చేరిన మిత్రుల నవ్వులు ఏడవ తరగతి బాలుడు చూచును. ఆయాసముతో ఆసుపత్రి మెట్లెక్కు దినమున ఆ బాలుడు ఎచ్చటనో లారీ నడపుచుండును. కావున ఉన్నవానినున్నట్లు చూపుట యనునది జరుగదు. సగమును చూపుటయే జరుగును, అదియు రుచిగల సగము. 2019లో దేశమంతట జరిగిన సర్వేలో 13 మొదలు 15 ఏండ్ల విద్యార్థులలో నూటికి ఎనిమిదిన్నరమంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలెను. పెద్దలలోనైతే 2016-17 నాటి లెక్క నూటికి 28.6. ప్రపంచములో ఏటేట 70 లక్షలకు పైగా జనులు పొగాకుచే మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మానుట యెంత కష్టమో మొదలుపెట్టిన నాడు ఏ బాలునికిని తెలియదు.

అయిన గోడవైపునకు తిరిగిన చాలునా? చాలదు. ఇచ్చటనే నా మిత్రునిలో సత్యమున్నది. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లియందు ఆచార్యుడు చదువు ముగిసి పోవుచున్న శిష్యునితో, తమ నడవడిలో మంచివేవో వానినే యనుసరింపవలెను గాని తక్కినవానిని గాదని చెప్పును. చిన్ననాట ఈ మాటను ఎన్నిమార్లో స్వరముతో వల్లించితిని. దాని యర్థము ఏబదియేండ్లు దగ్గఱపడిన పిదప తెలిసినది. అనుసరింపరానివి తనలో కలవని ఆ ఆచార్యుడు శిష్యుని యెదుట ఒప్పుకొనుచున్నాడు! దోషమును చూపలేదు, దోషమున్నదను సంగతిని దాచలేదు. మా యువమిత్రుడు రెండింటిని చూపుమనెను. నేను రెండింటిని దాచితిని. త్రాగుటను శిష్యుని కంటబడనీయరాదు. త్రాగుదుననియు, అది నన్ను పట్టిన వ్యసనమనియు శిష్యుడడిగిన దాచరాదు. మొదటిది లజ్జ, రెండవది సత్యము. రెండును లేనిదే కపటము.

ఈ జ్ఞానము నాకు ఉపనిషత్తునుండి రాలేదు. ఒక బాలికవలన వచ్చినది. 1998లో తొమ్మిదవ తరగతిలో పద్యము చెప్పుచున్నాను. విరామము ముగిసి అప్పుడే వచ్చితిని. గంట కొట్టిన పిమ్మట అందఱు పోయినను ఆ బాలిక నిలిచియుండెను. ఆమె తల్లియు బీడీలు చుట్టెడిది. "సార్, మీరు పద్యం చదువుతుంటె మా అమ్మ చాట వాసన వస్తది. మా అమ్మకు దగ్గు. మీకు గూడ వస్తదని భయమైతది" అనెను. ఇంకేమియు అనలేదు. పుస్తకము గుండెకు హత్తుకొని వెడలిపోయెను. ఆచార్యుడు తెలిసియో తెలియకయో నియమము దప్పినచో శిష్యుడు ఏకాంతమున ఆయనకు తెలియజెప్పవలెనని ఆపస్తంబధర్మసూత్రమున కలదు. ఆపస్తంబుని పేరైనను వినని ఆ బిడ్డ ఆ సూత్రమును అక్షరాల పాటించెను. నేను సూత్రము చదివినవాడను.

అయినను నేను వెంటనే మానినవాడను గాను. బడిలో మానితిని, బస్సు స్టాండులో త్రాగితిని. 2001లో లారీ శిష్యుడు కనబడిన నాటి రాత్రి పెట్టెను విఱిచి పాఱవైచితిని. పదునేడవ దినమున మఱల కొంటిని. రెండవమాఱు మూడు నెలలు నిలిచితిని. మూడవమాఱు 2003లో మానినది మానినది. నిద్ర పట్టలేదు, ఇంటివారిపై కోపము, నోటిలో ఎప్పుడును లవంగము. కావున పొగత్రాగు ఉపాధ్యాయుని నేను పాపి యనను, కట్టువడినవాడందును. నా కాలమున అడుగుటకు దిక్కులేకుండెను. ఇప్పుడు 1800-11-2356 అను సంఖ్యకు ఫోను చేసిన, రుసుము లేకయే మానుటకు సలహా చెప్పుదురు. సిగరెట్టు పెట్టెపైననే ఆ సంఖ్య అచ్చుపడుచున్నది. పెట్టె తెఱచునప్పుడు దానిని చదువుడని మాత్రము వేడెదను. అంతవఱకు, బాలురచే తెప్పింపకుడు. అది నేడు శాసనవిరుద్ధము గూడ. ముక్కను బడి త్రోవలో విసరకుడు. త్రాగిన వెంటనే వచ్చి బిడ్డలపై వంగి వ్రాత దిద్దకుడు.

మానిన నాటినుండి పదవీవిరమణమువఱకు, ప్రతి సంవత్సరమును తొమ్మిదవ తరగతి మొదటి దినమున, పాఠమునకు ముందు నా కథను చెప్పెడివాడను: నా తల్లి చాట, నా సిగరెట్టు, చెవిపై సిగరెట్టుతో పరుగెత్తుకొనివచ్చిన శిష్యుడు. గౌరవము తగ్గునని తోడివారు హెచ్చరించిరి. తగ్గినదో లేదో నాకు తెలియదు. కాని ఆ తరువాత గోడవైపునకు తిరుగవలసిన పని నాకు కలుగలేదు.

2012లో ఆ లారీ శిష్యుడు తన కుమారుని మా బడిలో చేర్చుటకు తీసికొనివచ్చెను. తాను మానలేకపోయెననియు, "మీరు ఇడిసిపెట్టిన ముచ్చట వీనికి చెప్పుండ్రి సారూ, నేను చెప్తె ఇనడు" అనియు కోరెను. తండ్రి యెదుటనే ఆ పిల్లవానికి అంతయు చెప్పితిని. వాని తండ్రిని దుకాణమునకు పంపినదియు నేనే యని చెప్పితిని. పిల్లవాడు శ్రద్ధగా విని, కొంతసేపు ఆలోచించి, "సార్, ఆ సిగరెట్ల పైసలు మీరే ఇచ్చిండ్రా, మా నాయనే పెట్టుకునేటోడా?" అని యడిగెను.

నేనే యిచ్చితినని చెప్పితిని. తండ్రి తల వంచుకొని, "శానసార్లు నేనే పెట్టుకున్న సారూ, మీరు చిల్లర లేదంటిరి" అనెను.